ఆపాకు ఇచ్చిన గుడ్డ

ఈ మాట ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి ఆగిందో. నా పెనిమిటికి చెప్పలే. పిల్లలకు చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు రాసి చెప్పగలుగుతున్ననేమో.

అప్పుడు మేం మెదక్‌ల ఆపా ఇంట్ల కిరాయికుంటిమి. నా పెనిమిటి తాలూకా ఆఫీసుల గుమాస్తా. ఆపా మొగడు పోయిన మనిషి. ముందటి అర్రలు మాకిచ్చి వెనక ఒక్కతే ఉండేది. వాకిలి, సామాన్ల అర్ర ఇద్దరికీ కలిపే. గల్లీ అంత ఆమెను ఆపా, అంటే అక్క, అనేది, నేను గూడ అట్లనే అంటుంటి. ఆమె నన్ను బిడ్డా అనేది.

మహిళా మండలిల క్రోషా అల్లిక నేర్చుకున్న. దొడ్డు నూలుతోని అరచేతంత గుడ్డలు అల్లుతుంటి, బాసన్లు తోమనీకె. పీచు కంటే మెత్తగుంటది, అడుగంటింది గూడ పోతది. ఆపా చూసి ముచ్చటపడ్డది. నీకొకటి అల్లిస్త అన్న. అల్లుతుంటే నడుమల నూలు అయిపోయింది. బజార్ల అడిగితే వారం దాకా రాదన్నరు.

సామాన్ల అర్రల నూలేమన్న దొరుకుతదా అని వెతుకుతుంటే, ఆపా పాత సందూకు అడుగున, కాగితంల చుట్టిన అల్లిక కనబడ్డది. తెల్లగ, గుండ్రంగ, సగమే అయింది. కొస పట్టి గుంజిన. క్రోషాకు కొస దొరికితే చాలు, ఒక్కొక్క ముడి సర్రున ఊడొస్తది. సన్న నూలు కాబట్టి రెండు పోగులు కలిపి అల్లిన. పొద్దుగూకకముందే గుడ్డ పూర్తయింది.

ఎవరిదో పనికిరాని పాతది అనుకున్న. నిజంగ అనుకున్ననా? పనికిరానిదాన్ని వేపాకులేసి, మడతపెట్టి అంత పదిలంగ ఎవరు దాస్తరు? ఆపా వాకిట్లనే బియ్యం ఏరుతున్నది, పిలిస్తే పలికేటంత దూరంల. అడగలే. అడిగితే వద్దంటదని లోపల తెలుసు.

తెల్లారి ఆపా ఆ గుడ్డతోని గంజు తోముతున్నది.

“మస్తుగ తోముతున్నది బిడ్డా,” అన్నది. “మా నసీమా గూడ అల్లేది.”

“నసీమా ఎవరు ఆపా?”

“నా బిడ్డ. పదారేండ్లకే జరమొచ్చి పోయింది. వాళ్ల అబ్బాకు టోపీ అల్లుతుండె. దవాఖానకు తోల్కపోతుంటే గూడ, ‘అమ్మీ, పోగు తెంపకుండ్రి, వచ్చి అల్లుత’ అన్నది. అట్లనే దాసిన. ఆగు, చూపిస్త.”

గుడ్డ బండ మీద పెట్టి, చేతులు కడుక్కొని లోపలికి పోయింది. నేను బూడిద నీళ్లు కారుతున్న ఆ గుడ్డనే చూసుకుంట నిలబడ్డ. ఆపా వట్టి కాగితం పట్టుకొని వచ్చింది.

“నువ్వు చూసినవా బిడ్డా?”

“లేదు ఆపా. ఎలుకలు ఎత్కపోయినయేమో.”

ఆ మాట నా నోట్లకెళ్లే వచ్చింది. ఆపా ఏడ్వలే. కాగితం మళ్ల మడతపెట్టింది. తర్వాత అదే గుడ్డ తీసుకొని మిగిలిన బాసన్లు తోమింది.

ఇంకొకటి అల్లిస్త, అది నాకియ్యి అని అడిగిన. ఇయ్యలే. నువ్వు ప్రేమతోని ఇచ్చినవు, ఉండనీ అన్నది. రోజూ నా కండ్ల ముందటనే అది పోగుపోగు అరిగింది. ఆఖరికి చెత్తల పడ్డది. అప్పుడన్న ఒక్క పోగు ఏరి ఆమె చేతిల పెట్టలే.

నా పెనిమిటికి బదిలీ అయినంక ఒక్కసారి మెదక్ పోయిన, చెప్పాలనే పోయిన. చాయ్ తాగి వచ్చిన. ఆ తర్వాత ఆపా పోయింది.

ఆమె వినలే. ఇంక వినదు. టోపీ విప్పింది నేనే. ఎలుకలు కాదు. రాసిన, చాలు.