పెద్దాయన అనని మాట

"అన్నం చల్లారితే చల్లారనీ, నువ్వు నెమ్మదిగా రా."

ఈ మాట చదవనివాళ్ళు తక్కువ. లారీల వెనక ఉంది, మలుపుల దగ్గర బోర్డుల మీద ఉంది, చివరికి బడిపిల్లల పాఠంలోకి కూడా ఎక్కింది. దాని కింద ఒక పేరు ఉంటుంది. ఆ పేరుగలాయన ఒక లారీ కంపెనీ యజమాని, అందరూ పెద్దాయన అంటారు. డ్రైవర్లను కన్నబిడ్డల్లా చూసుకునే మనిషి నోట తప్ప ఇలాంటి మాట పుట్టదని సభల్లో ఎవరో ఒకరు లేచి చెబుతారు. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వుతాడు, జనం చప్పట్లు కొడతారు. కొట్టేవాళ్ళను ఏమనగలం, పాపం వాళ్ళకు తెలీదు. ఆయనకు తెలుసు. ఒళ్ళు మండేది అక్కడే.

ఆ మాటను మొట్టమొదట రంగులో రాసిన చెయ్యి ఇంకా పనిచేస్తూనే ఉంది. లారీలు ఆగే పెద్ద రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆమెది. డ్రైవర్లు రంగులక్క అంటారు. పని నేర్పింది తండ్రి. ఆయన పోయాక ఆయన కుంచెలే కాదు, ఆయన పాత చొక్కా కూడా ఆమెకే వచ్చింది. దాని అసలు రంగేమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. సుద్ద పూసిన దారం టప్పున కొట్టి గీత వేసుకుంటుంది, ఎడమచేతి కర్ర మీద కుడిచెయ్యి ఆనించి అక్షరం దింపుతుంది. ఫలానా అక్షరం కాస్త వంకరగా ఉందేమో అని ఎవరైనా నసిగితే, డబ్బాకి మూత పెట్టేసి, అయితే మీరే రాసుకోండి అని టీకి వెళ్ళిపోతుంది. అయినా ఇంకొకరి దగ్గరికి పోయేవాడు లేడు.

ఆ పనిలో తండ్రి నాటి నుంచీ ఒక కట్టుబాటుంది. లారీ ముందుభాగం యజమానిది, వెనకభాగం డ్రైవరుది. ముందు యజమాని తన పేరు, తన పిల్లల పేర్లు, ఏం కావాలంటే అది రాయించుకోవచ్చు. వెనక ఏం రాయాలో చెప్పేది రాత్రింబవళ్ళు బండి నడిపేవాడే. అక్కడ ఎవరి పేరూ ఉండదు.

రంగులక్క తమ్ముడు పెద్దాయన కంపెనీలోనే బండి నడిపేవాడు. వాడు ఇల్లు చేరేదాకా వాళ్ళమ్మ ముద్ద ముట్టేది కాదు. అమ్మ తినకుండా కూర్చుందని వాడు బండి వేగంగా తోలుకుంటూ వచ్చేవాడు. వాడు అలా తోలుకుంటూ వస్తున్నాడని అమ్మ ఫోనులో అరిచేది. అన్నం చల్లారితే చల్లారనీరా, నువ్వు నెమ్మదిగా రా, అని. చుట్టుపక్కల నాలుగిళ్ళకు వినిపించేది ఆ అరుపు. ఒకరోజు వాడు బండి షెడ్డు ముందు ఆపి నవ్వుతూ దిగాడు.

"అక్కా, అమ్మ అరుపు వెనకాల రాసెయ్యి. నేనెలాగూ వినను, నా వెనకొచ్చేవాళ్ళయినా వింటారు."

ఆమె రాసింది. పసుపు మీద ఎర్రరంగు. ఆ మాట పుట్టుక ఇంతే. ఇందులో పెద్దాయన ఎక్కడైనా ఉన్నాడా?

ఉన్నాడు, ఇంకోచోట ఉన్నాడు. ఆలస్యంగా వచ్చిన డ్రైవరు దగ్గర్నుంచి బండి లాక్కుని ఇంకొకడికి ఇవ్వడం ఆయన పద్ధతి. ఒక వానాకాలం సాయంత్రం తమ్ముడికి ఫోను మీద ఫోను చేసింది ఆయనే. చీకటి పడేలోగా సరుకు దిగకపోతే రేపట్నుంచి బండెక్కొద్దన్నాడు. పక్కన కూర్చున్న క్లీనరు బతికి బయటపడ్డాడు కాబట్టి ఈ సంగతి తెలిసింది. వంతెన ముందు మలుపులో బండి జారి వాగులో పడింది. ముందుభాగం నుజ్జయింది, తమ్ముడు అక్కడే పోయాడు. వెనక తలుపు మాత్రం చెక్కుచెదరకుండా గట్టు మీద పడింది, అక్షరాలు పైకి కనిపించేలా.

పేపరువాళ్ళు వచ్చేసరికి పెద్దాయన ఆ తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. ఆ రాత ఏమిటని ఎవరో అడిగారు. ఆయన కళ్ళు తుడుచుకుని, నేను మా డ్రైవర్లకు రోజూ చెప్పేది ఇదేనండీ, వింటే కదా, అన్నాడు. మాట కాజేయడమే కాకుండా తప్పు చచ్చినవాడి మీద తోసేశాడు. పది అడుగుల దూరంలో రంగులక్క స్పృహ తప్పిన తల్లిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. విన్నది. ఆ క్షణంలో లేచి ఆయన చొక్కా పట్టుకోలేకపోయింది. మర్నాడు పేపర్లో ఫోటో, కింద ఆ మాట, పక్కన ఆయన పేరు.

తర్వాత ఆమె పేపరాఫీసుకు వెళ్ళింది. బల్ల వెనక మనిషి మర్యాదగానే కూర్చోబెట్టి, ఆ మాట మీ అమ్మగారిదని ఆధారం ఏమైనా ఉందా అని అడిగాడు. వండి పెట్టుకుని వీధివైపు చూసే ఆడమనిషికి ఆధారం ఎక్కణ్ణుంచి వస్తుంది? క్లీనరు సాక్ష్యం చెప్పనన్నాడు, వాడికీ ఇంకో బండి కావాలి మరి. ఆమె లేచి వచ్చేసింది. వాళ్ళమ్మ కొడుకు పోయిన రోజు నుంచి ఆ మాట మళ్ళీ అనలేదు.

ఏళ్ళు గడిచాక పెద్దాయన కంపెనీకి కొత్త గేటు కట్టారు. పక్కనున్న గోడ మీద ఆ మాట చేత్తో రాయించాలని, కింద ఆయన పేరు బంగారురంగులో ఉండాలని మేనేజరు కబురు తెచ్చాడు. రంగులక్క అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. కానీ ఆ పూట ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ ఆమె మీదే కేకలేసింది.

"రాయవే. పేరు ఎవరిదైతే ఏం? చదివి ఒక్కడు నెమ్మదిగా పోతే చాలు."

"నీకు చీమూ నెత్తురూ లేవా అమ్మా?"

"ఉన్నాయి కాబట్టే రాయమంటున్నా."

ఆమె పళ్ళు నూరుకుంటూ వెళ్ళింది. నిచ్చెన వేసి, దారం కొట్టి, అదే పసుపు మీద అదే ఎరుపుతో మాటంతా రాసింది. పేరు రాయాల్సిన చోటు మిగిలింది. అప్పుడే పెద్దాయన కారు దిగి, గోడ చూసుకుని మురిసిపోయాడు. పక్కనే బయల్దేరబోతున్న లారీలో ఒక కుర్ర డ్రైవరు ఉన్నాడు. సరుకు ఎక్కించడం ఆలస్యమైందని మేనేజరు ఫిర్యాదు చేశాడు. పెద్దాయన ఆ గోడ కిందే నిలబడి డ్రైవరు వైపు వేలు చూపించాడు. చీకటి పడేలోగా చేరకపోతే రేపట్నుంచి బండెక్కొద్దన్నాడు. అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు.

రంగులక్క నిచ్చెన మీంచే పలికింది.

"అయ్యా, మీ మాట ఇక్కడే ఉంది కదా. ఒక్కసారి ఆ అబ్బాయికి చదివి వినిపించండి. వినిపిస్తే మీ పేరు రాస్తాను."

యార్డులో మూటలు మోసేవాళ్ళు ఆగిపోయారు. ఆయన గోడ వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు.

"అది గోడకమ్మా," అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో."

ఆమె దిగింది. బంగారురంగు డబ్బా మూత తీయకుండానే అక్కడ పెట్టేసింది. లారీ దగ్గరికి వెళ్ళి, ఇంటికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి కుర్రాడి చేతికిచ్చింది.

"అమ్మా, ఇక్కడో అబ్బాయి బండి తీస్తున్నాడు. తొందరలో ఉన్నాడు."

ఫోనులో ముసలి గొంతు, ఒకప్పుడు నాలుగిళ్ళకు వినిపించిన గొంతు, పెద్దాయన చెవిన కూడా పడేలా పలికింది.

"అన్నం చల్లారితే చల్లారనీ నాయనా, నువ్వు నెమ్మదిగా పో. చేరాక ఫోను చెయ్యి."

"అలాగేనమ్మా," అన్నాడు కుర్రాడు, ఆ నంబరు తన ఫోనులోకి ఎక్కించుకుంటూ.

మర్నాటికి ఆ ఖాళీలో పెద్దాయన పేరు స్టిక్కరై అతుక్కుంది. ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడొచ్చు. కుర్రాడు ఆలస్యంగానే చేరాడు, అన్నంతపనీ చేసి పెద్దాయన వాడి బండి లాక్కున్నాడు. ఆ కబురు తెలిసి రంగులక్క మళ్ళీ అగ్గిమీద గుగ్గిలమైంది. కానీ కుర్రాడు చేరిన రాత్రే వాళ్ళింట్లో ఫోను మోగింది. అమ్మే తీసింది. చేరానమ్మా, అన్నాడు వాడు. ఆవిడ ఫోను పెట్టేసి, కంచం ముందుకు లాక్కుని, చల్లారిన అన్నం తింది.