జాలీ తలుపుకి అటువైపు వాడు

మా వంటింటి వెనక తలుపుని అత్తయ్యగారు కటకటాలంటారు. మా ఆయన గ్రిల్ అంటారు. ఎదురు ఫ్లాట్ ఆంటీ జాలీ అంటారు. ఇనప పట్టీలు ఏటవాలుగా అల్లి ఆటోనగర్‌లో చేయించిన తలుపు అది. కంతలు బాగా చిన్నవిగా పెట్టించమన్నది నేనే. బాబు చెయ్యి దూర్చి ఇరికించుకుంటాడని నా భయం.

ఆ రోజు మా ఆయన గన్నవరంలో డ్యూటీకి వెళ్ళారు. అత్తయ్యగారు హనుమాన్ జంక్షన్‌లో చుట్టాలింట్లో ఉన్నారు. కుక్కర్‌లో పప్పు పెట్టి, గోంగూర ఒలుచుకుందామని వెనక బాల్కనీలోకి వచ్చాను. అక్కడ నేల తడిగా ఉంది. బాబు వస్తే జారి పడతాడని జాలీ తలుపు దగ్గరగా వేసి, వాడు కనపడేలా కూర్చున్నాను. లోపల గిన్నెలు దొర్లించుకుంటూ ఆడుతున్నవాడు తలుపు దగ్గరికొచ్చాడు. వాడి తల ఎత్తులోనే అడ్డగడియ ఉంది. టక్కుమని తోసేశాడు.

"అమ్మ లాక్!" అని చప్పట్లు కొట్టాడు.

"తియ్యి నాన్నా. అటు లాగు."

"తియ్యను."

ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి ఉంది. వీధి తలుపుకి లోపల బోల్టు వేసి ఉంది, అదీ నా భయమే. కంతలోంచి వేళ్ళు దూర్చి చూశాను. రెండు కణుపులు దాటలేదు. గడియ ఇంకా అవతలే ఉంది. ఈలోగా కుక్కర్ కూత వేసింది. వాడికది మహా ఇష్టం. ప్లాస్టిక్ స్టూలు ఈడ్చుకుంటూ స్టవ్ వైపు బయలుదేరాడు.

నేను కేకేశానని నాకు తెలియలేదు. మా బాల్కనీకి ఎదురుగా ఆంటీ వాళ్ళ బాల్కనీ, దానికి సిమెంటు జాలీ గోడ. ఆ జాలీ వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది.

"ఏమైందమ్మా? ఎందుకలా అరుస్తున్నావు?"

"బాబు గడియ పెట్టేశాడాంటీ! స్టవ్ మీద కుక్కరుంది, వాడు స్టూలెక్కుతున్నాడు!"

"యా అల్లా! సిలిండర్ నీ పక్కనే ఉందిగా! ఏడుపు తర్వాత, ముందు రెగ్యులేటర్ తిప్పు!"

నిజమే. సిలిండర్ బాల్కనీలో నా మోకాలికి ఆనుకునే ఉంది. పైపు గోడలోంచి స్టవ్‌కి వెళుతుంది. తిప్పాను. మంట ఆరిపోయింది, కానీ కుక్కర్ కాలుతూనే ఉంది. దాని పిడి గట్టు అంచు దాటి బయటికి వచ్చి ఉంది. వాడప్పటికే ఒక మోకాలు స్టూలు మీద పెట్టాడు.

"నాన్నా, ఇదిగో పాము!" అన్నాను. చేతిలో ఉన్న గోంగూర కాడని కంతలోంచి తోశాను. తిరిగి చూశాడు. కాడని ఆడించాను. దిగి వచ్చి దాన్ని లాక్కున్నాడు. ఇంకొకటి తోశాను. ఇంకొకటి.

"అంకుల్ వాచ్‌మన్‌ని తీసుకుని కిందనుంచి వస్తున్నారు. వీధి తలుపు పగలగొట్టమంటావా?" అంది ఆంటీ.

"వద్దాంటీ! ఆ చప్పుడుకి బెదిరి ఎటు పరిగెడతాడో!"

కాడలు తరిగిపోతున్నాయి. తీసుకున్న కాడలన్నీ కాళ్ళ దగ్గర పడేసి, వాడు మళ్ళీ కుక్కర్ వైపు చూస్తున్నాడు. చిన్నప్పుడు మా పుట్టింటి ఊళ్ళో గోగునార ఒలిచి ఉంగరాలు అల్లుకునేవాళ్ళం. గోంగూర కాడకీ అదే నార. పళ్ళతో చీల్చి, ఒక పొర లాగి ఉచ్చు వేశాను. తెగిపోయింది. ఈసారి పోగులు కలిపి పేనాను. తొందరలో ముడి పడలేదు. వాడు రెండడుగులు అటు వేశాడు.

"గడియకి గాజు తొడుగుదామా?" అన్నాను. గొంతు మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడ్డానో!

వచ్చాడు. ఉచ్చుని కంతలోంచి అందించాను. తీసుకుని తన వేలికి తొడుక్కున్నాడు.

"నాదే."

"నీదే. గడియ పాపం ఏడుస్తోంది. దానికొద్దా?"

"వద్దు."

జాలీ వెనక నుంచి ఆంటీ, "వాడికింకోటి అల్లి ఇవ్వవే, పిసినారి!" అంది. అల్లాను. రెండో ఉంగరం చేతికొచ్చాక కానీ దొరగారు మొదటిది వదలలేదు. దాన్ని గడియ పిడికి తగిలించాడు. జారిపోయింది. మళ్ళీ తగిలించాడు. నార రెండో కొస నా చేతిలోనే ఉంది. గడియ వెనక్కి జరిగే వైపున్న కంతలోంచే అందించాను కాబట్టి, దాన్ని మెల్లగా లాగాను. గట్టిగా లాగితే తెగుతుంది, మెల్లగా లాగితే గడియ కదలదు. ఒక పోగు నా కళ్ళ ముందే విడిపోయింది. అప్పుడు గడియ కిర్రుమంటూ కాస్త జరిగింది. ఇంకాస్త. తలుపు నా మీదికే తెరుచుకుంది.

స్టూలు కాలితో పక్కకి తన్ని వాణ్ణి ఎత్తుకున్నాను. వాడు వెనక్కి విరుచుకుపడి గుక్కపట్టి ఏడ్చాడు.

సిమెంటు కంతల్లోంచి ఆంటీకి మేమిద్దరం ముక్కలు ముక్కలుగా కనపడుతుంటాం. ఆ ఏడుపు విని ఆవిడ హడలిపోయింది.

"కాలిందా? ఎక్కడ కాలింది? చెప్పవేమే!"

వాడు తలుపు వైపు చేతులు చాచి, "అమ్మ లాక్! మల్లీ!" అని అరుస్తున్నాడు.

"కాలలేదాంటీ," అన్నాను. "మళ్ళీ గడియ పెడతాడంట."

అటువైపు ఆవిడ ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.