అన్ని భాగాలకూ ఒకే కనెక్షన్

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు ధరలు చూపే వెబ్‌సైట్ నేనే రాశాను. సీజన్‌లో రైతులంతా పొద్దున్నే ఒకేసారి తెరిచేసరికి అది ఆగిపోయింది. వెతికితే తెలిసింది, పేజీలో ధరలకూ సరుకు రాకకూ వాతావరణానికీ రాసిన భాగాలు దేనికది, వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేస్‌కు సొంత కనెక్షన్ తెరుస్తున్నాయని. అన్ని కనెక్షన్లనూ మోయలేక డేటాబేస్ మొరాయించింది. ఆ కోడ్ తీసేసి, పేజీకి ఒక్క కనెక్షన్ తెరిచి, దాన్నే భాగాలన్నింటికీ అందించాను.

మరుసటి పొద్దున రైతులు సైట్ తెరిచే వేళకు యార్డులో నిలబడ్డాను. ఎడపల్లిలో పసుపు వేసిన మా బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గిట్ల ఒత్తంగనే రేటు అచ్చింది! మన వాడకట్టోళ్లందరికి గూడ అస్తుంది!"

పసుపు కుప్పల మధ్య గట్టిగా నవ్వేశాను. హమాలీలు తిరిగి చూసినా ఆపుకోలేదు.