ఏడో వరస దాకా

కళ్ళజోళ్ళ కొట్టు మాస్టారికి యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి గానీ సొంత ఊరు దాటి వెళ్ళిన పాపాన పోలేదు. ఊరందరి చూపూ సరిచేసిన మనిషి తను చూసింది మాత్రం కొట్టు, ఇల్లు, మధ్యలో ఉన్న నాలుగు వీధులు. అలాంటివాడు ఎక్కడో ఉన్న ఒక మహానగరాన్నీ, వంతెన దాటితే వచ్చే దాని పక్క ఊరినీ చూసి రావాలని పూనుకున్నది భార్య కళ్ళ కోసం.

రెండేళ్ళ కిందట పెద్ద డాక్టరు ఆవిడని పరీక్ష చేసి దాచకుండా చెప్పేశాడు. చూపు నడిమిలోంచి మసకబారుతుంది. దానికి మందు లేదు, అద్దాలు పెట్టినా లాభం లేదు. నడవడానికి, గిన్నె అందుకోవడానికి పక్కచూపు మిగులుతుంది గానీ అక్షరాలూ ముఖాలూ ముందు పోతాయి. "చూడాలనుకున్నవి ఉంటే తొందరగా చూసేయండమ్మా," అన్నాడు. చిన్నప్పుడు పాఠాల పుస్తకంలో చూసిన ఆ నగరపు బొమ్మల మ్యూజియం, పక్క ఊళ్ళో రెండు ఊళ్ళూ ఒకేసారి కనబడే కొండ, ఈ రెండూ చూడాలని ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది. ఆసుపత్రి మెట్లు దిగుతూ, "వచ్చే వారమే పోదామండీ," అంది.

"వచ్చే వారం ఎలా కుదురుతుంది? దేనికైనా ఒక పద్ధతి ఉండొద్దా?" అన్నాడు మాస్టారు.

ఆ పద్ధతే కొంప ముంచింది. అద్దం సానబట్టేవాడికి తొందర పనికిరాదు, నిజమే. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం చెత్తబుట్టకే. కానీ ఊరు చూడటం అద్దం సానబట్టడం కాదని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? మ్యూజియానికి సోమవారం సెలవు. కొండ మీదికి బస్సు ఉదయం పూటే. వానల్లో కొండ దారి మూసేస్తారు, ఎండల్లో ఆవిడ కళ్ళు మండుతాయి. ఇవన్నీ కొట్లో మిగిలిన పాత చీటీల వెనక చీమతలకాయంత అక్షరాలతో రాసుకుంటూ పోయాడు. మూడు రోజులు నగరం, ఒక రోజు పక్క ఊరు అన్నాడు. నెల తిరక్కుండా కొట్టేసి, రెండూ రెండూ అన్నాడు. రోజూ భోజనాలయ్యాక చీటీలు ఆవిడ ముందు పెట్టి, తప్పులుంటే దొరుకుతాయని పైకి చదివించుకునేవాడు.

లారీ నడిపే బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు. "బావా, మీ ప్లాను పూర్తయ్యేలోపు ఆ రెండు ఊళ్ళూ పెరిగి కలిసిపోతాయి. అప్పుడు మళ్ళీ మొదట్నుంచి రాసుకోవాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు, ముందు బండెక్కండి."

"దీపం ఎంతుందో నాకు తెలుసులేవోయ్," అనేవాడు మాస్టారు.

తెలుసనే ఆయన ధీమా. ప్రతి ఆదివారం కొట్లో ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడకున్న అక్షరాల చార్టు చదివించేవాడు. పై నుంచి కిందికి, ఎప్పుడూ అదే వరస. మొదటి నెలలో ఒకసారి ఆవిడ ఆరో వరసలో తడబడింది. ఆ రోజు మాస్టారు అన్నం ముట్టలేదు, మర్నాడు కొట్టు తెరవలేదు. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ తడబడలేదు. ఏడో వరస దాకా గడగడా చదివి, ఎనిమిదో దాంట్లో ఆగిపోయేది. "చూశావా, ఇంకా బోలెడు టైముంది," అనేవాడు మాస్టారు. ఏడెనిమిది నెలలు గడిచాక చీటీలు చదవడం మాత్రం మానేసింది. "మీరే చదవండి, నేను వింటాను," అనేది. హాయిగా వినడం అలవాటైందనుకున్నాడు ఆ వెర్రిబాగులవాడు.

ఎట్టకేలకు ఈ ఏడాది అన్నీ కుదిరాయి. టిక్కెట్లు తీశాడు, రెండు ఊళ్ళలోనూ గదులు మాట్లాడాడు. ఇంకో పది రోజుల్లో ప్రయాణమనగా, పాత చార్టు పచ్చబడిపోయిందని శనివారం సాయంత్రం కొత్తది తగిలించాడు. అందులో అక్షరాలు వేరు. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని తోచలేదు, కూర్చుంటే ఆవిడకే కనబడుతుంది కదా అనుకున్నాడు.

ఆదివారం ఆవిడ కుర్చీలో కూర్చుని కుడి కన్ను మూసుకుంది. అరచెయ్యంత ఉన్న మొదటి అక్షరమే తప్పు చదివింది. మాస్టారు కర్ర దించకుండా ఒక్కో వరసా చూపిస్తూ పోయాడు. ఆవిడ పాత చార్టుని పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఎనిమిదో వరసలో రెండక్షరాలు చెప్పి, ఎప్పటిలాగే ఆగి, "ఇక కనబడటం లేదండీ," అంది.

"చార్టు మార్చాను," అన్నాడు మాస్టారు.

ఆవిడ కంటి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది పైనే. మీరు తిండి మానేసి కూర్చుంటే నాకు భయమేసింది. రోజూ నేను దులిపే చార్టేగా, నోటికొచ్చేసింది."

"మరి టిక్కెట్లు తీస్తుంటే ఎందుకు వద్దనలేదు?"

"వద్దంటే కారణం చెప్పాలి కదా. వెళ్ళొచ్చి, చాలా బాగుందని చెబుదామనుకున్నాను."

మాస్టారికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడి ముఖం దగ్గరగా పెట్టాడు. "నేను కనబడుతున్నానా?"

"మీరని తెలుస్తోంది," అంది.

అక్కడితో ఊరుకోవాల్సింది. మనిషి ఊరుకోలేక, "ఆఖర్న నువ్వు సరిగ్గా చూసింది ఏంటి?" అని అడిగాడు.

ఆవిడ నిజంగానే గుర్తు చేసుకుంది. "మీ చీటీలేనండీ. ఆ ఏడెనిమిది నెలలూ రోజూ చదివాను కదా. మీ రాత మరీ చిన్నది, ఉన్న చూపంతా దానికే సరిపోయేది."

ఎత్తిపొడుపుగా అని ఉంటే మాస్టారు తట్టుకునేవాడేమో. ఆవిడ ఉన్న మాట చెప్పింది, అంతే. చెప్పి, గోడ పట్టుకుని లేచి, అన్నం వేళయింది ఇంటికి పోదాం పదండి అంది.