జాడీ, ఐస్‌క్రీమ్ డబ్బా, మా ఆవిడ పథ్యం

మా పాప పుట్టిన వారంలోనే నాకు భార్యా, అత్తారిల్లూ రెండూ ఒక్క దెబ్బకి దూరం కావాల్సింది. దేవుడి దయవల్లా, ఒక బండి ఆలస్యంగా రావడంవల్లా బతికిపోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ కరుణ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నాకు పాత సామాన్ల పిచ్చి. అదీ ముదిరిన పిచ్చి. ఎవరింటికెళ్ళినా మనుషుల్ని పలకరించకముందే అటక మీదికి చూస్తాను. పింగాణీ జాడీలు, రంగు వెలిసిన పటాలు, చిలుం పట్టిన ఇత్తడి గంటలు, అన్నీ మా హాల్లోనే. వాటి మధ్య మేమిద్దరం పక్కకి తిరిగి నడవాలి. పొగాకు కంపెనీ దొర కూర్చున్నదని చెప్పి ఖాజా నాకు అంటగట్టిన పడక్కుర్చీ కూడా ఉంది. ఆ దొర దేశం వదిలి ఎందుకు పోయాడో అందులో కూర్చుంటే తెలుస్తుంది. ఖాజా నా చిన్ననాటి స్నేహితుడు, గుంటూరులో పాత ఫర్నిచర్ కొట్టు నడుపుతాడు. ఏం చేస్తాం, నా ఖర్మ.

మా అత్తగారిది సత్తెనపల్లి. వాళ్ళింట్లో ఒక జాడీ ఉండేది. పైన మీగడ రంగు, కింద తేనె రంగు, రెండు బుల్లి చెవులు, అడుగున ఏదో విదేశీ ముద్ర. పెళ్ళిచూపుల్లో నేను చూసింది అమ్మాయినా, జాడీనా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని గొడవ. వెళ్ళినప్పుడల్లా "అత్తయ్యా, జాడీ బాగుందండీ" అనేవాణ్ణి. ఆవిడ "బాగుంది బాబూ" అని మాట మార్చేసేవారు.

కరుణకి నొప్పులు మొదలయ్యాయని తెలిసి అత్తయ్య పరుగున గుంటూరు వచ్చారు. సామానంతా మా వంటింట్లో దింపేసి నేరుగా ఆసుపత్రికి వెళ్ళిపోయారు. పాప పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. నేను స్నానానికని ఇంటికొచ్చి వంటింట్లో అడుగుపెడితే ఏముంది? గట్టు మీద జాడీ! సాక్షాత్తూ అదే జాడీ!

"స్తోత్రం ప్రభువా! కూతురితో పాటు జాడీని కూడా ఇచ్చావా!" అని గెంతాను.

మూత తీస్తే లోపల నల్లగా, ముద్దగా, తారులాంటిది. నా తెలివి చూడండి, ఒక్క క్షణంలో కనిపెట్టేశాను. మా ఇత్తడి సామాను చూసి ముక్కు విరిచిన అత్తయ్య, తోముకోమని పాత చింతపండు తెచ్చారన్నమాట! లుంగీ ఎగ్గట్టి కూర్చున్నాను. గంటలు, చెంబులు, బీరువా పిడులు, అన్నీ ఆ ముద్దతో రుద్ది పారేశాను. బంగారంలా మెరిశాయంటే నమ్మండి. జాడీని సబ్బు పెట్టి కడిగి, ఎండబెట్టి, నెమలీకలు గుచ్చి ఫొటో తీసి మా పాత సామాన్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

"అద్భుతం!" అన్నారొకరు. "మూలన ఆ ప్లాస్టిక్ డబ్బా ఏంటండీ, ఫొటో అంతా పాడుచేసింది" అన్నారింకొకరు.

నిజమే. జాడీ పక్కన మూత పసుపు పచ్చబడిన ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి, రబ్బరు బ్యాండు వేసుకుని కూర్చుంది. నా ఇంట్లో ప్లాస్టికా! ఛీ అనుకుని, మూతైనా తీయకుండా పట్టుకెళ్ళి గేటు పక్కన చెత్తబుట్ట మీద పెట్టేశాను. ఫొటో మళ్ళీ తీశాను. ఈసారి చప్పట్లు మోగిపోయాయి.

అప్పుడు ఫోను మోగింది. కరుణ.

"ఏవండీ, నోరంతా చేదుగా ఉంది, నిన్నట్నుంచీ ఒక్క ముద్ద దిగలేదు. పథ్యం పెట్టొచ్చన్నారు. అమ్మ తెచ్చిన పాత చింతకాయ పచ్చడి వంటింటి గట్టు మీదుంది, తెస్తారా? నా పెళ్ళైన ఏడు దంచి, నా పురుడు కోసమే దాచిందట."

బీరువా పిడులు నన్ను చూసి తళతళా నవ్వుతున్నాయి.

"వింటున్నారా?"

"వింటున్నా... తెస్తా..."

వెంటనే ఖాజాకి ఫోన్ చేశాను.

"ఒరేయ్, మా ఆవిడ పథ్యంతో గంటలు తోమేశాన్రా!"

"కొత్త పచ్చడి కొని పట్టుకెళ్ళరా."

"పాతది నల్లగా ఉంటుందిరా! వాళ్ళమ్మ చూస్తే కనిపెట్టేయదూ?"

"అంతేనా? కాస్త బెల్లం పాకం, టీ డికాషన్ కలిపి ఎండలో పెట్టు. సాయంత్రానికి పాతబడిపోద్ది. నీ దొర కుర్చీని నేను అట్టాగే..." అని నాలిక్కరుచుకున్నాడు.

కుర్చీ సంగతి తర్వాత తేల్చుకుంటానని ఫోన్ పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం మనసు అటే లాగింది. కానీ పచ్చి బాలింత, నిన్నట్నుంచీ తిండి లేదు, దాని నోట్లో టీ డికాషన్ పోస్తానా? తిట్లు తినడమే నయమనుకుని ఖాళీ చేతులతో ఆసుపత్రికి వెళ్ళాను.

"అత్తయ్యా, నన్ను క్షమించండి. మీ జాడీలో ఉన్నదంతా ఇత్తడికి రుద్దేశాను" అన్నాను.

అత్తయ్య నన్ను పైనుంచి కిందకి చూశారు. "మరి రుద్దుకోమనేగా తెచ్చింది! మీ గంటల మీద చిలుం చూడలేకపోయా. జాడీ మీకే బాబూ. ఖాళీ గిన్నె ఎవరి చేతికీ ఇవ్వకూడదని పనికిరాని చింతపండు వేసి తెచ్చా."

"అంటే... అది పచ్చడి కాదా?"

"అయ్యో రాత! పచ్చడి జాడీలో తెస్తే, దారిలో అది పగిలితే పచ్చడంతా నేలపాలు కాదూ? ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టా."

హమ్మయ్య అనుకుని ఊపిరి తీసుకున్నాను. సగంలో ఆ ఊపిరి ఆగిపోయింది.

"డబ్బానా?" అన్నాను.

"డబ్బానే" అంది కరుణ. "ఏమైంది? డబ్బాకేమైంది? ఏవండీ!"

నేనక్కడుంటేగా! స్కూటర్ మీద మా వీధి మలుపు తిరిగేసరికి చెత్త బండి పాట వినిపించింది. రోజూ తెల్లారకముందే వచ్చి నిద్ర పాడుచేసే ఆ బండి, ఆరోజు మధ్యాహ్నం దాటాక వచ్చింది. సరిగ్గా మా గేటు ముందే ఆగి ఉంది. దాని పక్కన నిలబడ్డావిడ చేతిలో నా డబ్బా!

"ఆగమ్మా! ఆగు!" అని స్కూటర్ వదిలేసి పరిగెత్తాను.

ఆవిడ డబ్బాని చేత్తో తూచి, బండిలోని రెండు తొట్లనీ చూసి, తాపీగా అడిగింది. "బరువుగా ఉంది సారూ. తడి చెత్తా, పొడి చెత్తా?"

"రెండూ కాదు తల్లీ! మా ఆవిడ పథ్యం!"

ఆ డబ్బాని గుండెలకి హత్తుకుని రోడ్డు మీదే కూలబడ్డాను. పాపని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు. మూత తీస్తే ఘుమ్మని వాసన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పులుపుకి మాత్రం కాదు.

ఆ పూట కరుణ వేడి అన్నంలో ఆ పచ్చడి కలుపుకుని ఆవురావురుమంటూ తిన్నది. "డబ్బా మీద ఈ మట్టేంటండీ?" అని అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక లేక మొత్తం చెప్పేశాను. నవ్వితే కుట్లు లాగుతాయని తల్లి మొత్తుకుంటున్నా వినకుండా నవ్వింది.

ఇప్పుడు ఆ డబ్బా మా హాల్లో, అద్దాల బీరువాలో, జాడీకి కుడిపక్కన ఉంటుంది. మా ఆవిడ శాసనం. వచ్చినవాళ్ళంతా జాడీని వదిలేసి దాని కథే అడుగుతారు. నేను మాత్రం దాని ముందు చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ ప్లాస్టిక్ డబ్బానీ మూత తీసి వాసన చూడకుండా, మా అత్తగారి అనుమతి లేకుండా గేటు దాటించను. ఖాజా కుర్చీకి మాత్రం ఈ నియమం వర్తించదు. అది గేటు పక్కనే ఉంది. చెత్త బండి ఆవిడ రోజూ దాన్ని చూసి, వద్దని తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతోంది.