నయమయ్యాక మిగిలిన గీత

బేతంచెర్లలో గర్భిణులకు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని నాది. సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే కిట్టులో ఒక గీత వస్తే బెంగలేదు, రెండు వస్తేనే చిక్కు. ఆ ఉదయం రెండో గీత తేలడం, పరీక్షకు వచ్చిన ఒక గర్భిణి నాకంటే ముందే చూసింది. మొదటి కాన్పప్పుడు కూడా ఆమెకు అదే గీత వచ్చింది మరి.

"మల్లా తెచ్చినాడు!" అని అరిచింది.

వరండాలో ఉన్న మొగుడు పరుగెత్తుకొచ్చాడు. బండల లారీ డ్రైవరు. అప్పట్లో జబ్బు అతని నుంచే వచ్చింది. ఇద్దరూ ఇంజెక్షన్లు వేయించుకున్నారు, బిడ్డ చక్కగా పుట్టాడు.

"బిడ్డ మీద ఒట్టు, నేను యాడికీ పోలేదు" అన్నాడు.

"ఇంగ మా అమ్మోళ్ళింటికి పోతాండా. నీ కాపురం నాకొద్దు" అంటూ ఆమె సంచీ అందుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "కూసో తల్లీ! గీత చూసి కాపురం తెంచుకుంటావా? ఇంకో పరీక్ష ఉండాది" అని గదమాయించి, అతన్ని బయటికి పంపేశాను.

ఆమె సీరంలో నల్లటి పొడి ఉన్న మందు కలిపి కార్డును తిప్పాను. జబ్బు ఉంటే ఆ పొడి గడ్డలు కడుతుంది. కట్టలేదు. నమ్మకం చాలక మళ్ళీ చేశాను. అప్పుడూ అంతే. పాత చికిత్స కాగితాలు కూడా చూసి డాక్టరమ్మ జబ్బు లేదని తేల్చేసింది.

కిట్టులో ఉండేది ఆ క్రిమి కాదు, దాని పైపొర ప్రొటీన్లు, అవీ మనుషులు తయారుచేసినవి. ఆ పైపొరతో ఒకసారి పోరాడిన రక్తం, క్రిమి చచ్చి ఏళ్ళయినా దాన్ని గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఆ పట్టే గీత. చదువుకున్న సంగతే, కానీ ఆమె ముఖం చూస్తూ తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. నిన్న వండిన కూరేదో నాకు గుర్తుండదు. కంటికి ఆనని పురుగు ఒంటి మీది పిసరంత ముక్కను ఈ రక్తం ఎంత భద్రంగా దాచుకుంది! చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"అయితే బిడ్డకేం కాదా?" అంది ఆమె.

"ఏం కాదమ్మా. ఎప్పుడో వచ్చిపోయిందని నీ రక్తానికి గుర్తుండాది, అంతే. ఆ గీత ఇంక పోదు."

ఆమె కిట్టును ఇంకోసారి చూసి, సంచీ అందుకుని లేచింది. తర్వాత వరండాలోకి వెళ్ళింది.

"లేదంట" అంది.

అతను గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

"ఏడ్సింది సాలు. నా రగతం దాన్ని ఎప్పటికీ మర్సిపోదంట" అంది ఆమె, సంచీ అతని చేతికిస్తూ. "నువ్వూ మర్సిపోవాకు."