పెట్టమన్నచోట పెట్టని సంతకం

ఆసుపత్రి లాండ్రీలో ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆమె డిక్షనరమ్మ. ఎగతాళికి పెట్టిన పేరే. పెట్టినవాళ్లు సిగ్గుపడాలి గానీ తనెందుకు సిగ్గుపడాలని, పిలిస్తే దర్జాగా పలికేది. పన్నెండేళ్లుగా అక్కడి పెద్ద ఇస్త్రీ మిషను ఆమె చేతిలోనే ఉంది.

కూతురు బ్యాంకు పరీక్షకు చదివిన ఇంగ్లిష్ మాటల పుస్తకం ఇంట్లో మిగిలిపోయింది. ఉద్యోగం వచ్చాక పిల్ల దాని మొహం చూడలేదు. తల్లి తీసుకుంది. పదో తరగతి దాటని మనిషికి మొదటి పేజీయే కొరకరాని కొయ్య అయింది. అయినా పట్టు వదల్లేదు. రోజుకొక మాట. దుప్పట్ల మూటలకు కట్టే అట్టచీటీ వెనక రాసుకుని, సాయంత్రానికల్లా ఆ మాటతో ఒక వాక్యం కట్టాలి. అందులోనూ ఒక నియమం పెట్టుకుంది. ఆ వాక్యం తన కళ్లముందు జరిగినదాని గురించే ఉండాలి. పుస్తకంలోని రాజులూ సముద్రాలూ ఆమెకు అక్కర్లేదు. తను చూడని సముద్రం గురించి తనెందుకు రాయాలి?

ఒకరోజు ‘యుబిక్విటస్’ తగిలింది. ఎక్కడ చూసినా ఉండేది అని అర్థం. మొగుడు విడిచి పారేసే చొక్కాల మీద వాక్యం కట్టి గోడకు అంటించింది. వ్యాను నడిపే ఆ మహానుభావుడు అదేదో మెచ్చుకోలనుకుని రెండురోజులు మురిసిపోయాడు. కూతురు ఫోన్లో అర్థం చెప్పాక గానీ చొక్కాలు కొక్కేనికి ఎక్కలేదు.

లాండ్రీలో అయితే నవ్వులే నవ్వులు. “ఇంత ఇంగ్లిష్ నేర్చుకుని ఎవరితో మాట్లాడతావే, దుప్పట్లతోనా?” అనేది పక్కనే మడతలు పెట్టే వదిన.

“అవి ఎదురుచెప్పవు కదా వదినా, ముందు వాటితో మొదలుపెడతా” అనేది ఈమె.

ఆమె నడిపే ఇస్త్రీ మిషనులో వేడి తగ్గించే మీట ఏడాదిగా బిగుసుకుపోయి ఉంది. చెప్పినప్పుడల్లా మేనేజరు నోట “చూద్దాంలే” తప్ప రెండో మాట రాలేదు. చివరికి ఒక సోమవారం, ఆపరేషను గదికి వెళ్లాల్సిన ఆరు దుప్పట్లు మాడిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఆమెను తన గదికి పిలిపించి ఒక కాగితం ముందుకు తోశాడు. పేజీ నిండా ఇంగ్లిష్.

“ఏం లేదమ్మా, ఊరికే ఫార్మాలిటీ. కింద సంతకం పెట్టి వెళ్లు.”

తన బావమరిదిని ఆ మిషను మీద పెట్టాలని ఆయన ఎంత తహతహలాడుతున్నాడో లాండ్రీలో తెలియనివాళ్లు లేరు. మిషను చేజారితే ఇక ఆమెకు మిగిలేది మురికి గది. నెత్తురూ చీమూ అంటిన బట్టలను విడదీసే గది అది. అక్కడ పనిచేసినవాళ్ల చేతులు ఎలా పుళ్లు పడ్డాయో ఆమె చూసింది. అందుకే కలం అందుకోకుండా, వేలు పెట్టి ఒక్కో మాటా చదవడం మొదలుపెట్టింది.

‘గ్రాస్ నెగ్లిజెన్స్’ దగ్గర వేలు ఆగింది. ఘోరమైన నిర్లక్ష్యం. ఆ మాట నేర్చుకున్నరోజు ఆమె వాక్యం కట్టింది ఈ మీట గురించే. ఇప్పుడు దాన్ని తెచ్చి తన నెత్తినే రుద్దారు. ఒళ్లు మండిపోయింది. ఇంకో రెండు వరుసల కింద ‘వాలంటరీ’, దాని పక్కనే ‘రిలింక్విష్’. తనంతట తానే మిషను వదులుకుంటున్నట్టు!

“చదవడమెందుకమ్మా, టైము దండగ” అన్నాడు మేనేజరు.

“రిలింక్విష్ అంటే వదులుకోవడం సార్. నేను దేన్నీ వదులుకోవట్లేదు.”

మేనేజరు ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే నవ్వాడు. “నాలుగు మాటలు బట్టీపట్టి నాకే పాఠం చెప్తావా? ఏదీ, నీ సొంతంగా ఒక్క వాక్యం రాయి చూద్దాం.”

ఆ మాట ఎవరితో అనకూడదో వాళ్లతోనే అన్నాడు. ఆమె కలం అందుకుంది. సంతకానికి వదిలిన ఖాళీలో ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాసింది. మీట ఏడాదిగా చెడిపోయి ఉంది. ఆ సంగతి మేనేజరుగారికి తొమ్మిదిసార్లు చెప్పాను. ఈ కాగితంలోని ఆరోపణను రెప్యుడియేట్ చేస్తున్నాను. అంటే ససేమిరా ఒప్పుకోను, తోసిపుచ్చుతున్నాను అని. ఆ మాట నేర్చుకుని రెండు నెలలైనా, దానికి తగిన నిజం దొరక్క ఇన్నాళ్లూ వాక్యం కట్టలేదు. ఇవాళ దొరికింది. తారీఖు వేసి, తన మూడు వాక్యాల కింద తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది.

మేనేజరు చదివాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“నీకెందుకమ్మా ఇంత పెద్ద పెద్ద మాటలు?”

“చిన్న మాటల్లో ఏడాదిగా చెప్తూనే ఉన్నాను సార్. మీకు వినపడలేదు. దీని నకలు ఒకటి ఇప్పించండి.”

“నీ సంగతి పైవాళ్లకు రాస్తాను” అన్నాడాయన, గొంతు పెంచి.

“రాయండి సార్. మీరేం రాసినా, చదివాకే సంతకం పెడతాను. మీట బాగయ్యేదాకా మాత్రం మిషను ఆన్ చెయ్యను.”

నకలు చేతికొచ్చేదాకా ఆ గదిలోంచి కదల్లేదు. తరవాత వచ్చి, ఆగిన మిషను ముందు తన చోట నిలబడింది.